పెళ్ళి బువ్వ బాకీ

వేంపల్లె,
నవంబరు 9, 2025.

మరదలు యశోదకు వదిన రామలక్ష్మమ్మ దీవెనలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు వినపడదు. నాకు వినపడేలా నువ్వు అరిస్తే మీ కల్లూరంతా వింటుంది. చెవికి పెట్టుకునే మిషను మావాడు కొనిచ్చాడు గానీ, అందులో గాలి హోరు తప్ప మనిషి మాట రాదు. కాబట్టి ఇక నుంచి నువ్వు నాకు రాయి, నేను నీకు రాస్తాను. ఏడో తరగతి చదువు ఎందుకైనా పనికి రావాలి కదా.

అసలు సంగతి వినుకో. మొన్న గురువారం నీ మొగుడు మా ఇంటికి వచ్చాడు. తమ్ముడు అక్క ఇంటికి రావడం వింత కాదు. ఆటో తోలేవాడు ఒకరోజు బాడుగ పోగొట్టుకుని, బస్సు టికెట్టు కొనుక్కుని ఇంత దూరం రావడం వింత. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చీనీ తోట ఎట్లా ఉందని అడిగాడు. సంగటి, గోంగూర పెడితే తిన్నాడు. మా బర్రెను చూసి "శానా బాగుండాదే" అన్నాడు. ఆ బర్రెను వాడు ఐదేళ్ళుగా చూస్తున్నాడు. పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుని, విప్పి, మళ్ళీ తొడుక్కుని, "అక్కా, నువ్వు బాగుండావు గదా" అని కేకేసి అడిగాడు. "నాకేమప్పా, గుండ్రాయి మాదిరుండా. యశోద ఎట్లుండాది?" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

వాడి నోట్లో ఏదో మాట ఉండి బయటికి రాలేదు. చిన్నప్పుడు చెరకు గడ దొంగిలించి వచ్చినప్పుడు కూడా ఈరేష్ ఇట్లాగే నిలబడేవాడు. నీ గుండె ఎట్లా ఉంది? దాచకుండా రాయి.

నీ వదిన,
రామలక్ష్మమ్మ.


కల్లూరు, కర్నూలు.
నవంబరు 17.

వదినకు యశోద నమస్కారాలు.

నీ ఉత్తరం నీ తమ్ముడు ఇంట్లో లేనప్పుడు వచ్చింది, మంచిదైంది. ఆ గురువారం నంద్యాలకు బాడుగ తగిలిందని నాతో చెప్పి పోయాడు. తిరిగొచ్చి, అక్కడే తిన్నాను, ఆకలి లేదన్నాడు. నంద్యాలలో సంగటి, గోంగూర ఎవరు పెట్టారో ఇప్పుడు తెలిసింది. నేనేమీ అడగలేదు. అడిగితే పాపం ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

ఆటో సంగతి నీకు తెలిసిందే. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి షేర్ ఆటో ఎక్కేవాళ్ళు బాగా తగ్గిపోయారు. నేనూ ఆసుపత్రికి ఆధార్ కార్డు చూపించి బస్సులోనే పోతున్నా. మొన్న మా బస్సు రాజవిహార్ దగ్గర ఆగింది. కిటికీలోంచి చూస్తే నీ తమ్ముడు ఖాళీ ఆటోలో కూర్చుని "కల్లూరు, కల్లూరు" అని పిలుస్తున్నాడు. నేను తల దించుకున్నా. టికెట్టు డబ్బులు మిగిలినందుకు సంతోషపడాలో, ఆ పిలుపు విని ఏడవాలో తెలియలేదు.

నా గుండెకేమీ లేదు. పోయినేడాది ఆపరేషన్ చేసి వేసిన ఇనుప కవాటం టిక్కు టిక్కుమని కొట్టుకుంటూనే ఉంది. నీ తమ్ముడు ఆ చప్పుడు వింటూనే నిద్రపోతాడు. మందులు ఉన్నాయి. కుట్టడానికి రవికలు బాగానే వస్తున్నాయి. కార్తీకం కదా, సోమవారాలు, శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నా. ఒళ్ళు తేలికగా ఉంది. నువ్వు దిగులు పెట్టుకోకు.

యశోద.


వేంపల్లె,
నవంబరు 30.

యశోదా,

ఒక్కపొద్దు మంచిదే. నేను కూడా ఒక సోమవారం మొదలుపెట్టాను గానీ, పదకొండు గంటలకల్లా దేవుడు నన్ను క్షమించేశాడు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మందులు ఉన్నాయని రాశావు. వేసుకుంటున్నానని రాయలేదు. చెవులు పోయినదానికి కళ్ళు బాగా పనిచేస్తాయి.

వాడు ఎందుకు వచ్చాడో నాకు అర్థమైంది. దుడ్లకు వచ్చాడు, అడగలేక పోయాడు. మా అమ్మ చెప్పేది కదా, "పుట్టినింటోళ్ళు ఆడబిడ్డకు పెట్టల్ల గానీ ఆడబిడ్డ సొమ్ము తినగూడదు, తింటే ఇల్లు ఆరిపోతాది" అని. అన్నంతో పాటు ఆ మాట కూడా కలిపి తినిపించింది మా ఇద్దరికీ. చీనీకాయలు అమ్మిన డబ్బు నా దగ్గర ఉంది. మా ఇంటాయన కాదనడు. కానీ నేనిస్తే ఈరేష్ ముట్టుకోడు. పోయినేడాది ఆసుపత్రిలో నీ దిండు కింద నేను పెట్టి వచ్చిన డబ్బు, మరుసటి నెల ఒడిబియ్యంతో కలిపి నా ఒళ్ళోకే తెచ్చిపోశాడు, గుర్తుందా? వాడి పౌరుషం మండిపోను.

ఇప్పుడైనా నిజం రాయి. ఎవరికీ చెప్పను.

రామలక్ష్మమ్మ.


కల్లూరు,
డిసెంబరు 14.

వదినా,

ఆపరేషన్ సర్కారు వైద్యం కార్డు మీద ఊరికే జరిగింది. ఏడాది పాటు మందులు, రక్తపరీక్షలు కూడా దాని మీదే నడిచాయి. అక్టోబరుతో ఏడాది నిండింది. వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళు లేకపోతే ఈ ఉత్తరం రాయడానికి నేనుండేదాన్ని కాదు. కానీ ఆటో ఊరికే ఇచ్చి డీజిలు మీరు పోసుకోండి అన్నట్టుంది నా బతుకు. ఈ డీజిలు చచ్చేదాకా పోస్తూనే ఉండాలి వదినా.

నీకొక మాట చెబుతా, నీ తమ్ముడికి చెప్పకు. కార్తీకంలో మొదటి సోమవారం, మెతుకే ముట్టని రోజు మాత్ర మాత్రం ఎందుకు అనిపించింది. వేసుకోలేదు. ఏమీ కాలేదు. నెలాఖరుకు అట్టలో మాత్రలు మిగిలి ఉంటే, ఏదో సంపాదించినట్టు సంతోషమేసింది. కార్తీకం పోయింది గానీ నా ఒక్కపొద్దు పోలేదు. సోమవారం, శనివారం మాత్రకు కూడా ఒక్కపొద్దే. ఇప్పుడు బుధవారం కూడా కలిపాను. దేవుడి పేరు మీద చేస్తున్నా కదా, ఆయనే చూసుకుంటాడని ధైర్యం. రక్తపరీక్షకు పోయి రెండు నెలలైంది. నీ తమ్ముడు అడిగితే అంతా సరిగ్గానే ఉందన్నారని చెప్పా.

పోయిన నెల మీరు పుట్టిన ఊళ్ళో తిమ్మన్న మనవరాలికి చెవులు కుట్టించారు. నీ తమ్ముడు పోయి, నా రక్తపరీక్షకని తీసిపెట్టిన డబ్బు చదివించి వచ్చాడు. "మైకులో మన పేరు రాకుంటే ఎట్ల?" అన్నాడు. నిజమే కదా. పెళ్ళయి ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో అందరి శుభకార్యాలకూ చదివిస్తూనే ఉన్నాం. నా గుండెకు కానుపు పనికిరాదని డాక్టర్లు అప్పుడే చెప్పారు. చెవులు కుట్టించడానికి గానీ, పెళ్ళి చేయడానికి గానీ మాకు పిల్లల్లేరు. మా ఇంట్లో ఒక్క శుభకార్యమూ జరగలేదు, ఒక్కరి చదివింపూ మా గడప తొక్కలేదు. కోపంతో అనడం లేదు. కుట్టు మిషను మీద వంగినప్పుడు ఇలాంటివన్నీ గుర్తొస్తాయి.

యశోద.


వేంపల్లె,
డిసెంబరు 22.

ఓసి పిచ్చిదానా,

నీ ఉత్తరం పట్టుకుని చెప్పులు కూడా తొడుక్కోకుండా కృపమణి ఇంటికి పరుగెత్తాను. మా వీధి చివరుండే నర్సమ్మ ఆమె. రెండుసార్లు చెప్పింది, నాకు వినపడలేదు. మూడోసారి నా చెవిలో అరిచిన అరుపుకు మా బర్రె గుంజ పీక్కుని పోయింది. "మాత్ర నిలిపేస్తే ఆ ఇనుప కవాటం మింద నెత్తురు గడ్డ కడతాదమ్మా! ఆ గడ్డ తలకెక్కితే పచ్చవాతం! కవాటంలోనే ఇరుక్కుంటే మనిషే ఉండదు!" అంది. నీ రహస్యం ఇప్పుడు మా వీధికంతా తెలుసు. కర్నూలుకు మాత్రం చేరలేదు, ఆ మేరకు మాట నిలబెట్టుకున్నాను.

ఒక్కపొద్దు ఉండాల్సింది కడుపు గానీ మాత్ర కాదే. నువ్వు మిగిల్చిన మాత్రలు ఉరుకుంద ఈరన్న స్వామి ఏం చేసుకుంటాడు? నిన్ను బాగా తిట్టాలని కూర్చున్నాను గానీ ఏడుపు వస్తోంది. నువ్వు లేకపోతే వాడికి ఎవరున్నారు? నాకు మాత్రం ఇట్లా రాసుకోవడానికి ఎవరున్నారు? రేపే పోయి రక్తపరీక్ష చేయించుకో. మానేసినవన్నీ కలిపి ఒకేసారి మింగకూడదట, డాక్టరు చెప్పినట్టే వేసుకోవాలట. ఆ మాట కూడా కృపమణి వీధంతటికీ వినపడేలా చెప్పింది.

నువ్వు రాసిన ఇంకో మాటకు నాకు అన్నం సయించలేదు. మీ ఇంట్లో ఒక్క శుభకార్యమూ జరగలేదన్నావు. ఒకటి జరిగింది, సగమే జరిగింది. అది మీ పెళ్ళి. మా నాయన మంచం పట్టి ఉన్నాడని, ఆయన కళ్ళు మూసేలోపల కానిద్దామని ఉరుకుందలో తెల్లవారకముందే తాళి కట్టించి తీసుకొచ్చాం. మూడో రోజు నాయన పోయాడు. ఊరికి పెళ్ళి భోజనం పెట్టలేదు. మీరిద్దరూ ఒక పళ్ళెంలో పెళ్ళి బువ్వ తినలేదు. చదివింపులు లేవు. గడపకు అడ్డం నిలబడి మీతో పేర్లు చెప్పించాల్సిన ఆడబిడ్డను, నాయన శవం పక్కన కూర్చున్నాను. ఆ బువ్వ మన ఊరికి ఇంకా బాకీ ఉంది యశోదా. ఇప్పుడు పెడదాం. మూఢం పోనీ, ఫిబ్రవరి చివర్లో పెడదాం.

ముందు మాత్రల సంగతి నీ నోటితో నువ్వే వాడికి చెప్పు. అది నేను చేసే పని కాదు.

నీ వదిన.


కల్లూరు,
జనవరి 11, 2026.

వదినా,

చెప్పాను. ఆటో కడుగుతుంటే పక్కన నిలబడి చెప్పాను. తిడతాడనుకున్నా. గుడ్డ పిండి ఆరేసి, "బుధవారం కూడానా?" అని మాత్రం అడిగాడు. లోపలికి పోయి మాత్రల అట్ట తెచ్చి వెలుతురుకు పట్టి చూశాడు. "నేను పక్కనే పండుకోని టిక్కుటిక్కని ఇంటానే ఉంటి. బాగుండాది గదా అనుకుంటి" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు. చూడాల్సి వచ్చింది.

వేంపల్లె సంగతి కూడా అప్పుడే బయటపెట్టాడు. "అక్కను అడుగుదామనే పోయినా. ఆయమ్మ పెట్టిన సంగటి గొంతులో ఉండంగా ఎట్ల అడిగేది?" అన్నాడు.

మరుసటి రోజే ఆటోలోని పాటల పెట్టె అమ్మి నన్ను పరీక్షకు తీసుకుపోయాడు. రక్తం చిక్కబడిందట. డాక్టరమ్మ గట్టిగా కోప్పడి మాత్ర మోతాదు మార్చింది. గడ్డ మాత్రం కట్టలేదు, మన అదృష్టమంది. ఇప్పుడు రోజూ నీళ్ళ చెంబు పట్టుకుని నా ఎదురుగా నిలబడి మింగిస్తున్నాడు. ఈ నెలకు గండం గడిచింది. వచ్చే నెలకు అమ్మడానికి ఆటోలో ఇంకో పాటల పెట్టె లేదు.

పెళ్ళి బువ్వ సంగతి చెబితే మాత్రం ఒప్పుకోలేదు. "నలభై ఏడేండ్లకు పెండ్లికొడుకునైతే ఊరు నవ్వదా? రోగం పేరు జెప్పి ఇస్తరేసి అడుక్కునేదానికంటే ఆటో అమ్ముకునేది మేలు" అన్నాడు. ఆటో అమ్మితే తినేదేముంది? ఆయనకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.

యశోద.


వేంపల్లె,
జనవరి 20.

యశోదా, ఈ ఉత్తరం నీకు కాదు. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి గట్టిగా చదువు.

ఒరే ఈరేషా, లేచి యాడికి పోతాండావు, కూర్చో. ఊరు నవ్వుతాదంటివంట. నవ్వనీ. నీ పెండ్లప్పుడు అందరూ ఏడ్చిరి, ఇప్పుడు నవ్వితే తప్పేముండాది? అడుక్కునేదంటివంట. ఇరవై రెండేండ్లు నువ్వు చదివించిందంతా బిచ్చమేనా? కాదు గదా. మరి వాళ్ళు తిరిగి చదివించేది బిచ్చమెట్లయితాది? తిమ్మన్న ఎప్పుడు కనపడినా ఒగటే మాట, "ఈరేష్ ఇంట్లో ఒగ కార్యం రాకపాయె, ఆ బాకీ నెత్తినేసుకోని సచ్చిపోతానేమో" అని. ముసలాయనను బాకీతో పంపొద్దు.

ఇంగొక మాట. ఆడబిడ్డ సొమ్ము తినగూడదని అమ్మ చెప్పింది. అది నీకు బాగ గుర్తుండాది. ఆడబిడ్డ నోరు తెరిసి అడిగింది కాదనగూడదని కూడా అమ్మే చెప్పింది. అది మరిసిపోయినావు. ఇన్నేండ్లలో నేను పుట్టినింటిని ఒగ చీర అడగలా, గురిగింజంత బంగారం అడగలా. ఇప్పుడు అడుగుతాండా. నాకు నా తమ్ముడి పెండ్లి బువ్వ కావల్ల. పెడతావా, పెట్టవా?

మీ అక్క.


కల్లూరు,
ఫిబ్రవరి 1.

వదినా,

చదివి వినిపించా. లేచి పోయి ఆటో తుడిచి వచ్చాడు. తర్వాత "వంటకు ఎవురిని పిలుద్దాం?" అన్నాడు.

యశోద.


కల్లూరు,
మార్చి 4.

వదినా,

మన ఊరి పందిట్లో జరిగిందంతా నువ్వు చూశావు గానీ సగం వినలేదు కదా. ఆ సగం రాద్దామని కూర్చున్నా.

ముందు గడప దగ్గర నీ పని తేలుస్తా. అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితేనే లోపలికి అన్నావు. చెప్పాను. వినపడలేదన్నావు. మళ్ళీ చెప్పాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అప్పుడూ వినపడలేదన్నావు. మూడోసారి "ఈరేష్!" అని నేను అరిచిన అరుపుకు పందిరంతా చప్పట్లు కొట్టింది. నిజం చెప్పు, మొదటిసారే నీకు తెలిసిపోయింది కదా? నా పెదవులు చూస్తూ నవ్వు బిగబట్టుకున్నావు, నేను గమనించా.

మైకు సంగతి. మొదట తిమ్మన్న వచ్చాడు. మనవరాలి చెవులు కుట్టించినప్పటిది చదివించి, మైకు వదలకుండా, "కొడుకు పెండ్లిది వేరే ఉండాది, అది కూడా రాసుకోండప్పా. ఈ పొద్దుకు నా నెత్తి తేలికైంది" అన్నాడు. గిడ్డమ్మవ్వ దగ్గర డబ్బు లేక జొన్నలు తెచ్చింది. "ఈ అబ్బి నా కూతురు పెండ్లికి రాత్రంతా నీళ్ళు మోసినాడు" అని అందరికీ చెప్పింది. ఆటో స్టాండువాళ్ళు అందరూ కలిసి ఒక పేరు మీద చదివించారు. వాళ్ళ ఆటోలు కూడా ఖాళీగానే తిరుగుతున్నాయి వదినా. ఆ పేరు విన్నప్పుడు నీ తమ్ముడు పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. నువ్వు చెమటనుకుని విసనకర్ర ఇచ్చావు.

చివర్లో "ఆడబిడ్డ రామలక్ష్మమ్మ చదివింపు" అని వినపడింది. ఆయన వైపు చూశా. పైపంచె సర్దుకుని, "మైకులో చెప్పినంక వాపసు ఇస్తే బాగుండదులే" అన్నాడు.

ఒక పళ్ళెంలో బువ్వ పెట్టినప్పుడు మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, జేబులోంచి మాత్ర తీసి అరచేతిలో పెట్టాడు. ఆడవాళ్ళంతా ఎందుకు నవ్వారని నన్ను అడిగావు కదా. "పెండ్లికూతురికి మిఠాయి పెడతారు గానీ మాత్ర పెట్టేది ఈడనే చూస్తాండా" అని గిడ్డమ్మవ్వ అంది. అందరితో పాటు నేనూ నవ్వా.

ఖర్చులు పోను మిగిలింది పోస్టాఫీసులో వేశాం. కొన్నేళ్ళ మందులకు వస్తుంది. జన్మంతా రాదు, నాకు తెలుసు. కానీ నిన్న నీ తమ్ముడు ఒక మాట అన్నాడు. ఇప్పుడు వాళ్ళందరి కార్యాలకూ మనం తిరిగి చదివించాలి. తిమ్మన్న మనవరాలికి ఇంకా ఏడాది నిండలేదు. ఆ పిల్ల పెళ్ళికి మన పేరు మైకులో రావాలి. "అందాంక నువ్వుండల్ల. బాకీ పెట్టి పోతే ఊరుకోను" అన్నాడు. సరే అన్నా. మొదటిసారి భయం లేకుండా సరే అన్నా వదినా.

యశోద.


వేంపల్లె,
మార్చి 15.

యశోదా,

గడప దగ్గర నాకు నిజంగానే వినపడలేదు. నమ్మితే నమ్ము.

బస్సెక్కేముందు నీ గుండె మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాను, కండక్టరు విసుక్కున్నాడు చూడు. ఆ కవాటం టిక్కుమంటుందని అందరూ చెబుతుంటారు. నాకు వినపడదు. కానీ అరచేతికి తగిలింది. ఇంటికి వచ్చేదాకా ఆ చేత్తో ఇంకేమీ పట్టుకోబుద్ధి కాలేదు.

పెళ్ళి అయింది కాబట్టి నా ఆడబిడ్డ కట్నం నాకు రావాలి. మర్చిపోయారని ఊరుకుంటా అనుకోకు. చీర వద్దు, బంగారం వద్దు. నెలనెలా నీ మాత్రల అట్ట నాకు పంపు. ఖాళీది. మాత్ర ఒక్కటి మిగిలినా కట్నం చెల్లనట్టే, వచ్చి నీ గడపకు అడ్డం కూర్చుంటాను. బస్సు ఎట్లాగూ ఉచితమే.

నీ వదిన,
రామలక్ష్మమ్మ.


కల్లూరు,
ఏప్రిల్ 12.

వదినా,

ఈరేష్ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఎండలు మండిపోతున్నాయి, మధ్యాహ్నం తోటలోకి పోవద్దన్నాడు.

ఆడబిడ్డ కట్నం ఇందులో పెట్టా. సోమవారాలవీ, శనివారాలవీ, బుధవారాలవీ అన్నీ ఖాళీ. నమ్మకం లేకపోతే వేలితో తడిమి చూసుకో.

నీ మరదలు,
యశోద.